డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) కదలికను ఊపిరి కదలిక నుంచి విడదీయడం ఎలా?

పేగు కదలికను అయస్కాంతంతో బయటి నుంచి కొలవడానికి చేసిన బల్ల మీది నమూనాలో పేగుకు బదులు సిలికాన్ గొట్టం, లోపల 6 మి.మీ. నియోడిమియం అయస్కాంతం ఒక్కటే, 12 సెం.మీ. దూరంలో, అయస్కాంత క్షేత్రాన్ని మూడు దిశల్లో కొలిచే నాలుగు ఆర్‌ఎం3100 సెన్సర్లు. ఎవరిచేతా మింగించడం లేదు. రెండు అయస్కాంతాలు లోపలికి వెళ్తే పేగు గోడను నొక్కి చిల్లు పెట్టగలవు.

జీర్ణాశయం లయ నిమిషానికి 3 సార్లు, ఫిల్టరుతో తేలిగ్గా దొరుకుతోంది. చిక్కంతా డుయోడినంతోనే. దాని లయ సుమారు 12, ఊపిరి 12 నుంచి 20. రెండూ కలిసిపోతే ఫిల్టరు ఏం చేస్తుంది? పైగా క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది; ఊపిరితో 12 సెం.మీ. కాస్తా 13 అయితే 21 శాతం తగ్గుతుంది.

పొట్ట మీద యాక్సెలరోమీటరు (కదలికను కొలిచే సెన్సరు) పెట్టి, దాని కొలతను బట్టి తనను తాను సర్దుకునే అడాప్టివ్ ఫిల్టరుతో ఊపిరిని తీసేయవచ్చు కానీ, లయలు సరిగ్గా కలిసినప్పుడు అసలు సిగ్నలూ పోతుందేమో. లేక నాలుగు సెన్సర్ల 12 రీడింగుల నుంచి అయస్కాంతం స్థానం, దిశ లెక్కగట్టి దిశ మార్పునే నమ్మాలా? చేసి చూసినవారు దయచేసి చెప్పండి.