'థాల్వెగ్'ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: ఆఫ్రికా సరిహద్దు తగాదాల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. నది సరిహద్దుగా ఉన్నచోట 'థాల్వెగ్' అని వస్తోంది. 'నది మధ్యరేఖ' అంటే సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదండీ. మధ్యరేఖ రెండు ఒడ్లకూ సమదూరంలో ఉంటుంది. థాల్వెగ్ నది అడుగున బాగా లోతైన చోట్లను కలుపుతూ పోతుంది, ఒక్కోచోట ఒక ఒడ్డునే ఆనుకుని పోవచ్చు. అందుకే 'లోతుబాట' అంటాను నేను.

ఈ తేడా ఎంత దూరం పోతుందో బోట్స్వానా, నమీబియాల తగాదాలో చూడండి. చోబె నదిలో సుమారు 3.5 చదరపు కిలోమీటర్ల లంక ఒకటుంది. నమీబియాలో దాన్ని కసికిలి అంటారు, బోట్స్వానాలో సెడుడు. 1890 జులై 1న, అప్పట్లో ఆ ప్రాంతాలను ఏలుతున్న బ్రిటన్, జర్మనీ బెర్లిన్‌లో చేసుకున్న ఒప్పందం ఇంగ్లిష్ ప్రతిలో సరిహద్దు ఆ నది 'ప్రధాన పాయ నడుమ' పోతుందని ఉంది. జర్మన్ ప్రతిలో థాల్వెగ్ అని ఉంది. లంకకు ఉత్తరాన ఒక పాయ, దక్షిణాన ఒక పాయ. వీటిలో ప్రధానమైనది ఏదో మాత్రం రాయలేదు! నమీబియా వైపున్న కాప్రివి ప్రాంతపు మసుబియా జనం ఆ లంకలో సాగు చేసుకునేవాళ్లు. వాళ్ల నేల గురించి బెర్లిన్‌లో ఇద్దరు పరాయివాళ్లు సంతకాలు పెట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1996లో రెండు దేశాలూ కలిసే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాయి. 1999 డిసెంబరు 13న తీర్పు వచ్చింది. రెండు ప్రతుల మాటలకూ అర్థం ఒకటేనని కోర్టు తీసుకుంది. లోతు, వెడల్పు, ప్రవాహం లాంటివన్నీ చూసి ఉత్తరపు పాయే ప్రధానమని తేల్చి, అందులోని లోతుబాటనే సరిహద్దు చేసింది. లంక బోట్స్వానాకు పోయింది. మసుబియాల సాగును చూపి నమీబియా చేసిన వాదన నిలవలేదు.

ప్రశ్న: 'చానెల్'కు 'కాలువ' అని రాసుకున్నానండీ, 'ద్వీపం' అని కూడా.

జవాబు: రెండూ మార్చండి. కాలువ మనం తవ్వేది, పాయ నది తనంతట తాను చీలి పారేది. గౌతమిని, వసిష్ఠను కాలువలు అనం కదా. వరదకు మునిగి, తేలాక సాగుకొచ్చే నేలకు గోదావరి జిల్లాలవాళ్లు వాడే మాట లంక. కసికిలి కూడా ఏటా కొన్ని నెలలు నీళ్లలోనే ఉంటుంది. పైగా రెండు పాయల్లోనూ ఇరుదేశాల పడవలనూ సమానంగా చూడాలని తీర్పులో ఉంది. అక్కడ 'కాలువ' అని పడితే పాఠకుడు ఎవరో తవ్వించారనుకుంటాడు.