నిండు ట్యాంకర్‌తో మిట్ట ఎక్కేటప్పుడు కింది గేరు పడటం లేదు (పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్)

తొట్టిబండి (హొసకోట):
అందరికీ నమస్కారం. బండి పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్. స్లైడింగ్ మెష్ గేర్‌బాక్సు (గేరు చక్రాలే జరిగి పళ్లు కలిసే రకం), మూడు గేర్లు, ఒక రివర్సు, పక్కన హై-లో లివర్ (అన్ని గేర్లనూ వేగంగానో నెమ్మదిగానో మార్చేది). అంటే ముందుకి 6, వెనక్కి 2. వెనక 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్, రెండు చక్రాలది. బోరు దగ్గర నింపి వర్తూరు, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లకు తోలుతున్నాం.

హై రెండు (లివర్ హైలో, రెండో గేరు) నుంచి హై మూడు వేసేటప్పుడు కర్రుమంటుంది. పడ్డాక ఇంజిన్ లాగలేక కొట్టుకుంటుంది. అండర్‌పాస్ దాటి పైకి వచ్చేచోట మూడు నుంచి రెండుకి దించబోతే అసలు పడదు, ఈలోపు బండి ఆగిపోతుంది. దిగుడులో ఒక్కోసారి మూడో గేరు ఎగిరి న్యూట్రల్‌లో పడుతోంది. గేర్ల సెట్టు మొత్తం మార్చాలంటున్నారు షెడ్డులో. నిజంగా మార్చాలా, తోలే పద్ధతిలో తేడా ఉందా?

గేరుపళ్లు:
సెట్టు సంగతి తర్వాత. ముందు క్లచ్ చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు. చదునైన చోట బండి నిలిపి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి గేరు వేయండి. నిశ్శబ్దంగా పడితే క్లచ్ బాగానే వదులుతోంది. అంతసేపు ఆగినా కర్రుమంటే క్లచ్ పూర్తిగా వదలట్లేదు. పెడల్ ఊరికే ఆడే జాగా ఎక్కువై ఉండొచ్చు, ప్లేటు వంగి ఉండొచ్చు, ఫ్లైవీల్‌లోని పైలట్ బేరింగ్ (గేర్‌బాక్సు షాఫ్టు కొన తిరిగే చిన్న బేరింగ్) పట్టేసి ఉండొచ్చు, ప్లేటు జారే స్ప్లైన్లు (షాఫ్టు మీది గాళ్లు) తుప్పు పట్టి ఉండొచ్చు. జాగా చాలా బండ్లకు 25 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, మీ బండి మాన్యువల్లో రాసిందే ఖాయం. జాగా అసలు లేకుండా బిగించినా తప్పే. అప్పుడు ప్లేటు జారి కాలిపోతుంది.

క్లచ్ బాగుంటే మిగిలింది లెక్క. మాస్సీ ఫెర్గూసన్ 35 తరహా మూడు గేర్ల డబ్బాల్లో హై రెండుకీ హై మూడుకీ మధ్య వేగం తేడా సుమారు 1.8 రెట్లు. ఒకటికీ రెండుకీ మధ్య ఇంత దూరం ఉండదు. రెండో గేరులో 1800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర పైకి మారిస్తే, అదే వేగానికి మూడో గేరులో ఇంజిన్ 1000 దగ్గర ఉండాలి. షాఫ్టు అంత దిగేలోపే లివర్ నెడితే పళ్లు కర్రుమంటాయి. దిగాక వేస్తే గేరు పడుతుంది కానీ 1000 దగ్గర ఇంజిన్‌కి బలం ఉండదు. మీరు చెప్పిన రెండు కష్టాలకూ మూలం ఈ ఒక్క దూరమే. నిండు ట్యాంకర్‌తో హై మూడు చదును రోడ్డుకి, కొంచెం దిగుడుకి మాత్రమే.

స్ప్లైన్:
పై లెక్కకి ఇంకొంచెం. నీళ్లు 5 టన్నులు, ట్యాంకర్, ట్రాక్టర్ కలిపి 8 టన్నులు అనుకుందాం. 100 మీటర్లకు 5 మీటర్లు లేచే మిట్ట మీద గంటకు 12 కి.మీ. పోవాలంటే చక్రాల దగ్గరే 24 హెచ్‌పీ దాకా కావాలి. హై రెండులో 1800 దాటి తిరిగే ఇంజిన్ అది ఇవ్వగలదు. అదే వేగానికి హై మూడులో 1000 దగ్గర తిరిగే ఇంజిన్ మొత్తం బలమే 18 హెచ్‌పీ అటూ ఇటూ. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా నల్లపొగ తప్ప ఏమీ రాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, టర్బో లేని ఇంజిన్‌కి గాలి ఇక్కడ కాస్త పలుచన. చెన్నైలో లాగినంత ఇక్కడ లాగదు.

ఇక రెండో గేరు ఎందుకు పడదంటే, అదే మిట్ట మీద క్లచ్ తొక్కగానే బండి వేగం ప్రతి సెకనుకీ గంటకు దాదాపు 2.5 కి.మీ. చొప్పున పడిపోతుంది. 12లో ఉన్నది రెండు సెకన్లలో 7కి వస్తుంది. మీరు 12కి సరిపడా ఇంజిన్ రేజ్ చేసి లివర్ నెడుతున్నారు, చక్రాలేమో 7లో ఉన్నాయి. అప్పుడు రెండో గేరుకి కావలసింది 1100 మాత్రమే. ఒకవేళ పడినా 1100 దగ్గర ఆ మిట్ట లాగదు. ఆ వేగానికి సరైన గేరు హై ఒకటి, 1600 ఆర్‌పీఎం పైన.

అందుకే డబుల్ క్లచ్ (ఒక్క గేరు మార్పుకి రెండుసార్లు క్లచ్ తొక్కడం) చేతివాటం కాకముందు మిట్ట మీద ప్రయత్నించవద్దు. ఖాళీ ట్యాంకర్‌తో చదును రోడ్డు మీద నేర్చుకోవాలి. పైకి మార్చేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్ వదిలేసి ఇంజిన్ 1000కి దిగనివ్వాలి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు. కిందికైతే క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి, కింది గేరుకి కావలసినంత రేజ్ చేసి, వెంటనే క్లచ్ తొక్కి గేరు. మధ్యలో క్లచ్ వదలకుండా రేజ్ చేస్తే ఉపయోగం సున్నా. క్లచ్ తొక్కి ఉంటే ఇంజిన్ వేగం గేర్‌బాక్సు షాఫ్టుకి చేరదు.

తొట్టిబండి (హొసకోట):
స్ప్లైన్ అన్నా, క్లచ్ పరీక్ష చేశాను, నిశ్శబ్దంగా పడుతోంది. చేతి యాక్సిలరేటర్ సగం మీద పెట్టి తోలుతున్నాం. అది సరేనా? ఇంకోటి, పొద్దున గేర్లు మెత్తగా పడతాయి, మధ్యాహ్నం కర్రుమంటాయి.

స్ప్లైన్:
దొరికింది దొంగ! చేతి యాక్సిలరేటర్ సగం మీద ఉంటే న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని కాపాడే భాగం) ఇంజిన్‌ని ఆ వేగం దగ్గరే నిలబెడుతుంది. 1000కి దిగనే దిగదు. రోడ్డు మీద చేతి మీట ఐడిల్‌కి దించి, కాలి యాక్సిలరేటర్ ఒక్కటే వాడండి. బ్రేకు తొక్కినా ఇంజిన్ లాగుతూనే ఉంటుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఆ సగం మీట ప్రమాదం కూడా.

పొద్దున ఆయిల్ చల్లగా చిక్కగా ఉండి షాఫ్టుని త్వరగా ఆపుతుంది. మధ్యాహ్నానికి పలచబడి షాఫ్టు ఎక్కువసేపు తిరుగుతూ ఉంటుంది. ఒక అర సెకను ఎక్కువ ఆగండి, చాలు. దీనికోసం చిక్కటి 140 ఆయిల్ పోయమని ఎవరైనా అంటే వినకండి. గేర్‌బాక్సుకీ హైడ్రాలిక్‌కీ ఒకే ఆయిల్ ఉన్న బండ్లలో వెనక పనిముట్లు ఎత్తే లిఫ్ట్ మొరాయిస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తెల్లగా పాలలా కనిపిస్తే మాత్రం నీళ్లు చేరాయని అర్థం, మార్చేయండి.

పాతఇనుము:
డబుల్ క్లచ్ సంగతి ఒప్పుకుంటాను కానీ, నిండు నీళ్లతో మిట్ట మధ్యలో కిందికి మార్చడమే వద్దంటాను. ఎంత చేయి తిరిగినవాడికైనా. అండర్‌పాస్‌లో దిగకముందే, పైన చదునులోనే హై రెండుకి రండి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే. దిగుడులో క్లచ్ తొక్కి జారనివ్వడం, న్యూట్రల్ చేయడం వద్దే వద్దు. మన ట్యాంకర్లలో చాలావాటికి సొంత బ్రేకులు లేవు, 6 టన్నులకు పైగా వెనక నుంచి నెడుతుంటే ట్రాక్టర్ బ్రేకు ఒక్కటే ఆపాలి. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపే లాకు రోడ్డు మీద ఎప్పుడూ వేసి ఉండాలి. ఒక్క పెడల్ పడితే ట్యాంకర్ పక్కకి తిరిగి మడుచుకుంటుంది.

మిట్ట మధ్యలో ఆగిపోతే రెండు బ్రేకులూ కలిపి తొక్కి పూర్తిగా ఆపండి. తర్వాత హై ఒకటితో కదలండి. అది కూడా కష్టమైతే లో మూడు. ఆ డబ్బాల్లో లో అంటే హైలో నాలుగో వంతు వేగం, అందుకే లో మూడు హై ఒకటి కంటే నెమ్మది. హై-లో లివర్ మాత్రం కదిలే బండిలో ముట్టుకోకూడదు. నాలుగు రెట్ల తేడాని ఏ రేజింగూ సరిచేయదు. లో మూడుతో కదిలితే మిట్ట పైదాకా అదే గేరు.

సగం నీళ్లతో తోలడం ఇంకా చెడ్డది. మిట్టలో నీళ్లు వెనక్కి పోయి డ్రాబార్ (ట్రాక్టర్ వెనక కింద ట్యాంకర్ తగిలించే కడ్డీ) మీద బరువు తగ్గుతుంది, వెనక టైర్లు జారతాయి. దిగుడులో ముందుకి వచ్చి నెడతాయి. లోపల అడ్డు పలకలు లేని ట్యాంకరైతే నింపితే నిండుగా, లేదంటే ఖాళీగా. ట్యాంకర్ కొక్కెం డ్రాబార్‌కే తగిలించాలి, ఎత్తున ఎక్కడ తగిలించినా ముందు చక్రాలు లేస్తాయి.

గేరుపళ్లు:
గేరు ఎగరడం గురించి ఎవరూ చెప్పలేదు. దిగుడులో మాత్రమే ఎగురుతోందంటే, ఇంజిన్ బ్రేకు పడ్డప్పుడు పళ్లు అవతలి వైపు ఆనుకుంటాయి, ఆ వైపు అరిగి ఏటవాలు తిరిగిన పళ్లు గేరుని బయటికి నెడతాయి. సెట్టు విప్పకముందు పైమూత తీసి డిటెంట్ బాల్, స్ప్రింగ్ (గేరుని పడ్డచోటే నిలిపి ఉంచేవి) చూడండి. స్ప్రింగ్ నీరసించినా విరిగినా ఇదే లక్షణం, మందు చవక. తర్వాత ఫోర్కు (లోపల గేరుని జరిపే చీలిక కడ్డీ) బోల్టు వదులైందా, ఫోర్కు అరిగిందా, గేరు పూర్తిగా లోపలికి జారుతోందా. సగం పళ్లు మాత్రమే కలిసి ఉంటే కొత్త గేరైనా ఎగురుతుంది. షాఫ్టు బేరింగులు ఆడుతున్నాయేమో చేత్తో ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. ఇవన్నీ బాగుండి పళ్ల అంచులు గుండ్రంగా అరిగి ఉంటే అప్పుడు గేరు మార్చండి, దానితో కలిసే జత గేరు కూడా. మొత్తం సెట్టు అక్కర్లేదు.

ఎగరకుండా లివర్‌ని చేత్తో నొక్కిపట్టి తోలే అలవాటు ఉంటే మానేయండి. ఫోర్కు దానివల్లే అరుగుతుంది.

తొట్టిబండి (హొసకోట):
చేత్తో పట్టుకునే తోలుతున్నాడు మా డ్రైవరు. పైమూత తీస్తే రబ్బరు గాస్కెట్ కావాలా, లిక్విడ్ గాస్కెట్ చాలా?

గేరుపళ్లు:
చాలావాటికి పేపర్ గాస్కెట్ వస్తుంది, అదే వేయండి. లిక్విడ్ వేస్తే పలచగా. ఎక్కువైతే ముక్కలు ఆయిల్లో పడి హైడ్రాలిక్ ఫిల్టర్ మూసుకుపోతుంది. మూత తీసేటప్పుడు లివర్ న్యూట్రల్‌లో ఉండాలి. స్ప్రింగ్, బాల్ ఎగిరి లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి.