అప్‌డేట్: రొయ్యల గుంట పోయాక దశమభాగం, అప్పు, హామీ సంతకం

అందరికీ వందనాలు. అల్లూరు వైపు వైట్‌స్పాట్‌తో (రొయ్యలకొచ్చే వైరస్ తెగులు) గుంట పోయింది, రెండు రూపాయల వడ్డీ అప్పుంది, దశమభాగం (రాబడిలో పదోవంతు సంఘానికిచ్చే కానుక) ఆపితే అవిశ్వాసమా, బంధువు చీటీకి హామీ సంతకం పెట్టాలా అని అడిగాను. తేలింది. సలహా ఇచ్చిన అన్నలకి, అక్కలకి థ్యాంక్స్.

పాస్టరుగారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన సంఘపెద్ద లెక్కలు చూశారు. నిలబడింది ఇక్కడ చెప్పిన 2 కొరింథీ 8:12. ఉన్నదాన్నిబట్టే అర్పణ, లేనిదాన్నిబట్టి కాదు. అప్పు తెచ్చి కానుక వేయక్కర్లేదు. సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు ఖర్చులు పోగా మిగిలినదాంట్లోంచి ఇవ్వాలి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, చక్రవడ్డీ అయితే ఇంకా పైన. ముందు బంగారం బ్యాంకులో పెట్టి ఆ అప్పు తీర్చమన్నారు. తీర్చేటప్పుడు ప్రామిసరీ నోటు మీద చెల్లు రాయించుకుని వెనక్కి తీసుకోవాలి. మాటమీద వదిలేస్తే నోటు మళ్లీ లేస్తుంది.

హామీకి సామెతలు 22:26-27 చాలు, ఇంకొకరి అప్పుకి పూటపడొద్దంటుంది. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షనూ అంతే: ఒప్పందంలో వేరే మాట లేకపోతే హామీదారు బాధ్యత బాకీదారుతో సమానం. కాదనేది మొదటిరోజే చెప్పండి, నాన్చితే బంధుత్వం ఇంకా చెడుద్ది.

పనికిరానిది "రహస్యపాపం ఉందేమో, అందుకే గుంట పోయింది" అన్న మాట. బైబిల్లో కష్టాలపాలైన యోబుతో అతని స్నేహితుల వాదనా అదే, యోబు 42:7లో దేవుడు వాళ్లనే తప్పుపట్టాడు. గుంటలో ప్రార్థన నూనె పోయమన్న సలహా కూడా పక్కన పెట్టాం. ఉపవాస ప్రార్థన మానలేదు. ఈసారి సీడుకి పీసీఆర్ టెస్టు (వైరస్ ఉందో లేదో చూసే ల్యాబ్ పరీక్ష) చేయించాకే వదలడం, గట్టు చుట్టూ పీతలు లోపలికి రాకుండా వల కట్టడం. దాన్ని విశ్వాసలోపం అనక్కర్లేదని పాస్టరుగారే అన్నారు.