అప్‌డేట్: పైథాన్‌ల మెషిన్ కోడ్ నడిచింది

పైథాన్‌ల మెషిన్ కోడ్ (ప్రాసెసర్ నేరుగ నడిపే ఆదేశాలు) బైట్లు పేర్చి, సీటైప్స్‌తో (సీ భాష ఫంక్షన్లను పిలిచే పైథాన్ లైబ్రరీ) వాటినే ఫంక్షన్ లెక్క పిలిస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (పర్మిషన్ లేని తీరుగ మెమొరీ వాడితే ప్రోగ్రామ్ ఆగిపోయే ఎర్రర్) వస్తున్నదని మొన్న అడిగిన కదా. "మామూలు మెమొరీల ఉన్నదాన్ని ప్రాసెసర్ నడపనియ్యదు తమ్ముడూ, ఎగ్జిక్యూట్ (నడిపే) పర్మిషన్ ఉన్న పేజీ, అంటే మెమొరీ ముక్క, తీస్కో" అని ఒక అన్న చెప్పిండు. గదే పనిచేసింది.

ఎమ్‌మ్యాప్‌తో (సిస్టమ్ నుంచి మెమొరీ తీసుకునే ఫంక్షన్) 4096 బైట్ల పేజీ తీసి, చదువుడు, రాసుడు, నడుపుడు మూడు పర్మిషన్లూ ఇచ్చిన. అండ్ల 184, 42, 0, 0, 0, 195 పెట్టిన. 184 అంటే దాని తర్వాతున్న నాలుగు బైట్ల అంకెను ఈఏఎక్స్ రిజిస్టర్ల (ఫంక్షన్ జవాబు ఉండే, ప్రాసెసర్ లోపలి చిన్న జాగ) వెయ్యమని, 195 అంటే వాపస్ పొమ్మని. నల్లగొండల మా రూంల లాప్‌టాప్ మీద 42 పడంగనే రూమ్మేటు "గీ ఒక్క అంకె కోసమా గింత లొల్లి?" అన్నడు. వానికేమెరుక!

మిర్యాలగూడల మా బావ దగ్గరున్న 64 బిట్ రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) మీద మాత్రం అవే బైట్లు 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఆగిపోయినయి. అది ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్, నా లాప్‌టాప్‌ల నడిచిన ఇంటెల్ రకం బైట్లు దానికి తెల్వయి. అక్కడ అదే పని చేసే ఆర్మ్ బైట్లు 64, 5, 128, 82, 192, 3, 95, 214 పెడితే మళ్ల 42 వచ్చింది.

బైట్లు రాసినంక రాసే పర్మిషన్ తీసెయ్యమన్నరు, అది ఎంప్రొటెక్ట్‌తో (పేజీ పర్మిషన్లు మార్చే ఫంక్షన్) చేస్త. అన్నలందరికీ మస్తు థ్యాంక్స్, ప్రశ్న క్లోజ్ చేస్తున్న.