‘చేసుకున్నవారికి చేసుకున్నంత’లో ఆ ‘కొను’ ఎవరిది?

మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు, లోకంలో బాధ ఆ స్వేచ్ఛ వల్లే వచ్చింది అనే వాదానికి “చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా” అన్న సామెత సరిగ్గా సరిపోతుందని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నాకైతే సరిపోదనిపిస్తోంది, కారణం ఆ సామెతలోనే ఉంది. అందులో ఉన్నది ‘చేసిన’ కాదు, ‘చేసుకున్న’. క్రియకి ‘కొను’ చేరితే ఫలం చేసినవాడికే చెందుతుంది: వండాడు, వండుకున్నాడు. చేసినవాడూ పడేవాడూ ఒకరే అయినచోటే ఆ మాట చెల్లుతుంది. ఒకడు కొడితే ఇంకొకడు దెబ్బలు పడుతున్నాడంటే అక్కడ ‘చేసుకోవడం’ ఎక్కడుంది?

దేవుడి సంగతికొస్తే మనకి మూడు క్రియలున్నాయి: చేయు, చేయించు, చేయనిచ్చు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని తన సూత్రాల్లో “స్వతంత్రః కర్తా” (1.4.54), అంటే తనంతట తాను పని చేసేవాడే కర్త అని, ఆ వెంటనే “తత్ప్రయోజకో హేతుశ్చ” (1.4.55) అన్నాడు, అంటే ఆ స్వతంత్రుణ్ణి పనికి పురికొల్పేవాడికి హేతువని పేరు, అతనూ కర్తే. కాబట్టి దేవుడే చేయించాడంటే కర్తృత్వం ఆయన్ని వదలదు. అందుకే స్వేచ్ఛావాదులు మూడో క్రియని పట్టుకుంటారు: చేయలేదు, చేయించలేదు, చేయనిచ్చాడు.

ఎప్పుడూ మంచినే ఎంచుకునే స్వేచ్ఛాజీవుల్ని సర్వశక్తిమంతుడు ఎందుకు సృష్టించలేదని 1955లో జె.ఎల్. మ్యాకీ అనే తత్త్వవేత్త అడిగాడు. ఎవరు ఏది ఎంచుకోవాలో దేవుడే ఖాయం చేసేస్తే అది స్వేచ్ఛ కాదు, కనుక అలాంటి లోకం ఆయన ఒక్కడి చేతిలో లేకపోవచ్చని 1974లో ఆల్విన్ ప్లాంటింగా అనే మరో తత్త్వవేత్త జవాబిచ్చాడు. గట్టి జవాబే. కానీ అది దేవుడూ చెడూ కలిసి ఉండటంలో తర్కవిరోధం లేదని చూపిస్తుంది, అంతవరకే. ఈ బాధ న్యాయమే అనడం వేరే మాట.

‘చేయనిచ్చు’ పక్కన ‘పడనిచ్చు’ పెట్టి చూడండి. చంకలో బిడ్డ జారిపడితే ఎత్తుకున్నవాళ్లని “ఎందుకు పడనిచ్చావు?” అని అడుగుతాం, తోశావా అని కాదు. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండగ ఉదయం, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చి చర్చిలు జనం మీద కూలాయి. అక్కడ ఎవరి స్వేచ్ఛని కాపాడటానికి పడనిచ్చినట్టు?

— ఒక సభ్యుడి జవాబు: మీరు ఈ జన్మకే ఆగిపోయారండి. ‘చేసుకున్న’ అంటే పూర్వజన్మలో చేసుకున్నది కూడా. “వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్” అని బ్రహ్మసూత్రం (2.1.34). ఈశ్వరుడు కర్మని బట్టే ఫలమిస్తాడు కాబట్టి ఆయనకి పక్షపాతం గానీ క్రూరత్వం గానీ లేవు. వాన అన్ని విత్తనాలకీ ఒకటే, మొలకలు వేరు అని శంకరుల పోలిక.

— నా జవాబు: ఆ సూత్రం నాకు ఇష్టమేనండి, ప్రశ్నని దాచకుండా ముందు పెట్టుకున్నందుకు. సృష్టికి ముందు కర్మ ఎక్కడిదని అడిగితే ఆ తర్వాతి సూత్రం సంసారం అనాది అంటుంది, వ్యాకరణపరంగా ‘కొను’ కూడా నిలబడుతుంది. నాకు అడ్డుపడేది ఇంకోటి. మా చెల్లెలి బిడ్డకి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. ఆపరేషన్ అవుతుంటే చూడటానికొచ్చిన ఒక పెద్దావిడ ఈ సామెతే అంది, ఓదార్పు అనుకునే అంది. మా చెల్లెలు ఏమీ మాట్లాడలేదు. నెలల బిడ్డ ‘చేసుకున్నాడు’ అనడానికి అది ఆ బిడ్డ ఒప్పుకోగలిగే కర్తృత్వం కావాలి కదా, గుర్తే లేని పనికి ‘నేను’ అని ఎలా అంటాడు? స్వేచ్ఛతో బాధని సమర్థించాలంటే ఆ స్వేచ్ఛ బాధపడుతున్నవాడిది కావాలి, వాడికి తెలిసినది కావాలి. లేకపోతే మనం వేరేవాళ్ల నొప్పికి లెక్క సరిచేస్తున్నట్టే.

— ఇంకొకరు: మరి చివర ‘మహదేవా’ ఎందుకుంది?

— నా జవాబు: మంచి ప్రశ్న. అది సంబోధన, వాక్యంలో కర్త కాదు. దేవుడికి ఇందులో పాత్ర లేదని ఆయనతోనే చెప్తున్నట్టు చదవచ్చు. కానీ ఆ రోజు అదే మాట మా చెల్లెలి నోట వచ్చి ఉంటే, ‘మహదేవా’ దగ్గర గొంతు లేచి ఉంటే, నేను దాన్ని ప్రశ్నగానే వినేవాణ్ణి.