కస్టమ్ రైఫిల్‌కి పునాది ఏది: ఏఆర్-15 ఆ, ఏఆర్-10 ఆ, 10/22 ఆ?

మిర్చియార్డు:
గ్రీన్ కార్డు చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. డాలస్‌కి ఉత్తరాన డెంటన్ దగ్గర ఉంటున్నాం. రెండేళ్లుగా శనివారం శనివారం రేంజికి వెళ్లి అద్దె తుపాకులతో కాల్చడం అలవాటైంది. ఇక సొంతానికి ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉండాలనిపిస్తోంది. షాపులో వేలాడుతున్నది కాకుండా, నాకు నచ్చిన బ్యారెల్, నచ్చిన ట్రిగ్గర్ పెట్టి కట్టుకోవాలని కోరిక.

పని రెండు రకాలు. ఒకటి, 100 నుంచి 300 గజాల్లో కాగితం మీద గురి. రెండోది, మా టీమ్‌లో ఒకాయన మామగారికి రెండు గంటల దూరంలో జొన్న చేలున్నాయి. అడవి పందులు రాత్రికి రాత్రి చేను దున్నేసి పోతున్నాయట, వీలున్నప్పుడు రమ్మన్నారు. పల్నాడులో మా పెదనాన్న కూడా ఇదే మొత్తుకుంటాడు, ఆయన దగ్గరున్నవి టపాకాయలు, పాత చీరలే అనుకోండి.

ఏఆర్-15 (.223 చిన్న తూటా), .308 పెద్ద తూటాలో ఏఆర్-10, రూగర్ కంపెనీ మినీ-14 (ఇదీ .223), అదే కంపెనీ 10/22 (బుల్లి .22 తూటా). ఈ నాలుగింట్లో దేన్ని తీసుకోవాలో తేలడం లేదు. స్కోపు కాకుండా 1,500 డాలర్లు పెట్టగలను. మా ఆవిడ మినీ-14 బొమ్మ చూసి, చెక్క ఉంది కాబట్టి అదే బాగుందంది.

మానేరు వాగు:
చెల్లెకు ఏమనుకోవద్దని చెప్పు తమ్మీ, మినీ-14ను పక్కకు పెట్టు. కొని కాల్చుకునేటోనికి మంచి తుపాకే. 2005 తర్వాత వచ్చిన 580 సిరీస్ సంది గురి కూడ బాగైంది. కానీ నువ్వు కట్టుకుంట అన్నవు. దాని బ్యారెల్ మార్చాల్నంటే గన్‌స్మిత్ ఇంటికి పోవుడే. పార్టులు కూడ ఏఆర్‌కు దొరికినట్టు దొరకయి.

ఏఆర్-15 తీస్కో. ఎందుకో చెప్త, జర కథ ఉన్నది. ముందుగాల పుట్టింది చిన్నది కాదు, పెద్దది. 1950లల ఆర్మలైట్ కంపెనీల యూజీన్ స్టోనర్ చేసింది ఏఆర్-10. విమానాల కంపెనీ ఫెయిర్‌చైల్డ్‌ల ఒక విభాగం ఆ ఆర్మలైట్, అందుకే ఒళ్లంత అల్యూమినియం. కానీ 1957ల అమెరికా సైన్యం ఎం14 రైఫిల్‌ను ఎంచుకున్నది, ఏఆర్-10 అనాథైంది. దాన్నే కుదించి చిన్న తూటాకు చేసింది ఏఆర్-15. 1959ల కోల్ట్ కొన్నది, తర్వాత సైన్యంల ఎం16 అయింది. సైన్యంల జొచ్చిందంటే ప్రతి పిన్నుకు, ప్రతి రంధ్రానికి కొలత కాగితం మీద పడ్డట్టే. 1977ల స్టోనర్ పేటెంట్ కూడ తీరిపోయింది. గందుకే ఇయ్యాల ఒకని లోయర్ (ట్రిగ్గర్ ఉండే కింది సగం) మీద ఇంకొకని అప్పర్ (బ్యారెల్ ఉండే పై సగం) పెట్టి రెండు పిన్నులు నెట్టితే టక్కున కూసుంటది. పెద్దదానికి ఆ కాగితం లేదు. అంతే తేడా.

పెన్నా ఒడ్డు:
కథ బాగుండాది అన్నా. పంది కథ వినదు గదా.

నేను 2021లో మొదటిసారి పోయింది .223తోనే. 55 గ్రెయిన్ తూటా (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత). మగపంది, 80 గజాలు. భుజం మీద తగిలింది, దుమ్ము లేసింది గూడా చూసినాను. మగపందికి భుజాల మీద గట్టి పొర ఉంటాది, డాలు మాదిరి. అది అట్లే మెస్కీట్ ముళ్ల పొదల్లోకి దూరిపాయ. టార్చి పట్టుకొని రెండు గంటలు తిరిగినాం, రక్తం చుక్కలు యాడో పోయినాయి. తెల్లారి పొలమాయనే వెతికి చూపిచ్చినాడు, ఇంకా పానం ఉండాది. ఆ పొద్దు నేను అన్నం తినలేదు.

.308లో 150 గ్రెయిన్ తూటా శక్తి దగ్గర దగ్గర దానికి రెండింతలు. మిర్చియార్డు అన్నా, పందికి పోవాలంటే ఏఆర్-10 కట్టుకో. కాగితం మీదికి గూడా అదే పనికొస్తాది.

మానేరు వాగు:
55 గ్రెయిన్ మామూలు బాల్ తూటా (రేంజిల కాల్చేది) తోటి పోతే అట్లనే అయితది. బరువైన హంటింగ్ తూటా, చెవి ఎన్క గురి. తప్పు తుపాకిది కాదు.

ఇగ .308 సంగతి నన్నడుగు, నాలుగేండ్ల కింద కట్టిన. అప్పర్ ఒక కంపెనీది, హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ మీది తొడుగు) ఇంకొకనిది, రెండిటి డబ్బాల మీద డీపీఎంఎస్ (అదొక కంపెనీ) ప్యాటర్న్ అనే రాసి ఉన్నది. బ్యారెల్ నట్టు బిగించి, హ్యాండ్‌గార్డ్ ఎక్కించి, పైన స్కోపు బిగించే పట్టా మీద ఏలు పెట్టి జరిపితే మధ్యల మెట్టు తగిలింది. గోరుమందం. వంకర కూసున్నదేమో అని ఇప్పి మళ్ల పెట్టిన. అదే మెట్టు. తర్వాత తెలిసింది, డీపీఎంఎస్‌లనే ఎత్తు పట్టా, పొట్టి పట్టా అని రెండున్నయట. ఆ అమ్మినాయనకు ఫోన్ చేస్తే "బిగించినంక వాపస్ తీస్కోం" అన్నడు. ఇంక ఆర్మలైట్ ప్యాటర్న్ అని ఇంకో కులం ఉన్నది, దాని మ్యాగజైన్లే వేరు. ఒక్క పేరు కింద ముగ్గురు దాయాదులు, ఒకరి ఇంటికి ఒకరు పోరు.

పెన్నా ఒడ్డు:
అప్పర్, లోయర్, హ్యాండ్‌గార్డ్ ఒకే కంపెనీవి తీసుకుంటే ఆ తంటానే లేదు గదా.

మానేరు వాగు:
అప్పుడు కట్టినట్టా, ముక్కలు ముక్కలుగ కొన్నట్టా?

పెన్నా ఒడ్డు:
ఇల్లు కట్టినోడు ఇటుకలు కాల్చుకోవల్నా అన్నా? నాకు నచ్చిన బ్యారెల్ పెట్టుకుంటే, నాకు నచ్చిన ట్రిగ్గర్ పెట్టుకుంటే అది నా తుపాకే.

ఫారం 4473:
మీ పంచాయితీ ఆపి ఒక్క మాట. మిర్చియార్డు గారూ, గ్రీన్ కార్డు వచ్చింది ఎనిమిది నెలల క్రితం, రేంజికి వెళ్తున్నది రెండేళ్లుగా. మరి మధ్యలో హెచ్-1బీ మీద ఉండగా అద్దె తుపాకీ పట్టుకున్నారా?

మిర్చియార్డు:
పట్టుకున్నానండి. కానీ మొదటి రోజే టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ తీసుకున్నా, గడువు తీరకుండా చూసుకున్నా, రేంజిలో పనిచేసే ఒక పెద్దాయన చెప్పాడు. ఇప్పటికీ పర్సులోనే ఉంది.

ఫారం 4473:
బతికించారు. చదివేవాళ్ల కోసం రాస్తున్నా. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. రేంజిలో పది నిమిషాలు అద్దెకు తీసుకున్నా లెక్కే. చట్టంలో ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకు అందేది, అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. ఇక్కడే ఒక మెలిక. ప్రైవేటు పొలంలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందులకు హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదని 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్ చెబుతోంది. అది విని మనవాళ్లు లైసెన్స్ మానేస్తున్నారు. పందికి అక్కర్లేదు నిజమే, మీ వీసాకి కావాలి.

కట్టడం సంగతి. చట్టం దృష్టిలో ఏఆర్‌లో తుపాకీ అంటే లోయర్ రిసీవరే, సీరియల్ నంబరు ఉండేది దాని మీదే. అది లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే తీసుకోండి, నా పేరున్న ఫారం నింపండి, వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. బ్యారెల్, అప్పర్, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మామూలు కొరియర్‌లో ఇంటికొస్తాయి. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకూడదు. తగ్గించాలంటే ముందు ఏటీఎఫ్ (తుపాకులు చూసే ఫెడరల్ శాఖ) అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఓపీటీ ఓబులేసు:
నాకు ఎఫ్-1. లైసెన్స్ గొడవంతా ఎందుకు, మా రూమ్మేట్ సిటిజన్, వాడి పేరు మీద లోయర్ కొని నేను కట్టుకుంటే?

ఫారం 4473:
వద్దు బాబూ. ఆ ఫారంలో అసలు కొనేది నువ్వేనా అనే ప్రశ్న ఉంటుంది. వాడు అవునని సంతకం పెడితే అబద్ధం, నేరం. నీ చేతికొస్తే నీది ఇంకో నేరం. చదువు, వీసా రెండూ పోతాయి.

మిర్చియార్డు:
దీని మీదే ఒక డౌటు. మా తమ్ముడు ఎఫ్-1, మాతోనే ఉంటాడు.

ఫారం 4473:
సేఫ్ కొనండి. తాళం చెవి, నంబరు మీ దంపతుల దగ్గరే ఉండాలి. చేత్తో పట్టుకోకపోయినా, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే వీలుంటే అతని దగ్గర ఉన్నట్టే లెక్కగట్టవచ్చు. మీ 1,500లో ముందు దానికి తీయండి.

తులసికోట:
ఇంట్లో చిన్నపిల్లలుంటే సేఫ్ మాట అందరికంటే ముందు రావాలి, పద్నాలుగో పోస్టులో కాదు. అసలు తుపాకీ ఎందుకని అడిగితే ఇక్కడ అందరూ నా మీద పడతారు, అందుకే అడగను.

బేకర్స్‌ఫీల్డ్ బాబాయ్:
టెక్సాస్ వాళ్లు అదృష్టవంతులు. మినీ-14ని అంత తేలిగ్గా తీసెయ్యకండయ్యా. మా కాలిఫోర్నియాలో మ్యాగజైన్ ఊడొచ్చే సెమీ ఆటో రైఫిల్‌కి (బుల్లి .22 కాకుండా) పిస్టల్ గ్రిప్పు గానీ మడతపడే స్టాకు గానీ ఉంటే అసాల్ట్ వెపన్ కింద జమ. ఏఆర్ కట్టాలంటే గ్రిప్పుకి చేప రెక్కలాంటి ముక్క తగిలించి, స్టాకు కదలకుండా చేసి నానా అవస్థ. మినీ-14 చెక్క స్టాకుతో, పది రౌండ్ల మ్యాగజైన్‌తో అలాగే పనికొస్తుంది. ఏ రాష్ట్రంలో ఉన్నామన్నది చూడకుండా పునాది మాట్లాడకూడదు. మా కోడలికి కూడా చెక్కే నచ్చుతుంది మరి.

ఎన్‌సీసీ నీలవేణి:
మిర్చియార్డు గారూ, ఒక లెక్క అడుగుతాను. ఏడాదిలో మీరు రేంజికి వెళ్లేది ఎన్ని శనివారాలు? ఆ జొన్న చేలోకి వెళ్లేది ఎన్ని రాత్రులు?

మిర్చియార్డు:
శనివారాలు నలభై ఉంటాయేమో. పందులకి... ఇప్పటిదాకా ఒక్కసారీ వెళ్లలేదు. ఏడాదికి రెండు మూడు అనుకోండి.

ఎన్‌సీసీ నీలవేణి:
అదండీ. నలభై రోజుల పని వదిలేసి రెండు రాత్రుల కోసం ఇంత కొట్టుకుంటున్నారు ఈ అన్నయ్యలిద్దరూ. నేనైతే 10/22 అంటాను.

విశాఖలో డిగ్రీలో ఉండగా ఎన్‌సీసీలో మాకు .22 రైఫిల్ ఇచ్చేవారు. ఒక్కోసారికి ఐదు తూటాలు, ఇసుక బస్తా మీద చెయ్యి, వెనకాల హవల్దారు గారు. ట్రిగ్గర్ లాగుతున్నప్పుడు నా చూపుడు వేలు పక్కకి తోస్తోందని ఆయన ఒక చూపులో పట్టేశారు. .308 అయితే ఆ తప్పు ఎవరికీ కనపడదు, తన్నులో కలిసిపోతుంది. మనమేమో బ్యారెల్ బాగోలేదని ఇంకోటి కొంటాం.

10/22 వచ్చింది 1964లో, లక్షల మీద లక్షలు అమ్ముడైంది, దానికి దొరకని పార్టు లేదు. బ్యారెల్‌ని పట్టుకునేది రెండు మరలు, ఒక వీ ఆకారపు ముక్క. నేను వంటింటి బల్ల మీద అలెన్ కీతో మార్చాను, పప్పు మూడు విజిల్స్ వచ్చేలోపు అయిపోయింది. బరువు బ్యారెల్, మంచి ట్రిగ్గర్, మీకు సరిపోయే స్టాకు పెట్టుకోండి, సేఫ్ కొన్నాక కూడా డబ్బు మిగులుతుంది. పందికి మాత్రం .22 పట్టుకెళ్లకండి, అది పాపం.

పెన్నా ఒడ్డు:
పందికి పనికిరాదని నువ్వే చెప్తివి గదమ్మా. 300 గజాల కాగితానికి గూడా రాదు. ఆయన అడిగిన రెండు పనుల్లో ఒకటిన్నర పాయ.

ఎన్‌సీసీ నీలవేణి:
300 గజాలకి కష్టమే, ఒప్పుకుంటాను. గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

మానేరు వాగు:
గందుకే నడిమిట్ల ఉన్నది తీస్కోమంటున్న. ఏఆర్-15 లోయర్ ఒక్కటి కొను. ఇప్పుడు .223 వైల్డ్ చాంబర్ (తూటా కూసునే గది), 18 అంగుళాలు, లోపలి గాడి 8 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్‌తోటి అప్పర్ కట్టుకో. .223 నడుస్తది, దాని సైన్యం రకం 5.56 నడుస్తది, బరువైన 77 గ్రెయిన్ కూడ నిలబడ్తది. శనివారాలు దానితోటి కాల్చు. పంది మీద మనసైతే వచ్చే ఏడు 6.5 గ్రెండెల్ అనే ఇంకొంచెం పెద్ద తూటాకు ఇంకో అప్పర్. దానికి బోల్టు (తూటాను ఎన్కనుంచి మూసి పట్టేది) వేరు, మ్యాగజైన్ వేరు, కానీ లోయర్ అదే, ట్రిగ్గర్ అదే, నీ చెయ్యి అలవాటు పడ్డది అదే.

ఎవడన్న 300 బ్లాకౌట్ తూటా అంటే జర పైలం. దానికి బోల్టు, మ్యాగజైన్ 5.56వే సరిపోతయి, అందరు గదే లాభమంటరు. నాకు గదే భయం. ఆ తూటా పొరపాటున 5.56 బ్యారెల్ల దూరిందనుకో, పేలిస్తే తుపాకి పగుల్తది. రెండు ఇంట్ల ఉంటే మ్యాగజైన్లకు రంగు టేపు చుట్టి వేరే పెట్టెల దాచాలె.

పెన్నా ఒడ్డు:
గ్రెండెల్ అంటే ఒప్పుకుంటా. .223 కంటే మేలు. .308 మాత్రం కాదు.

మిర్చియార్డు:
నిన్న డీలరు దగ్గరికి వెళ్లొచ్చా. ముందు సేఫ్, తర్వాత ఏఆర్-15 లోయర్. మానేరు అన్న చెప్పిన బ్యారెల్ ఆర్డర్ పెట్టా. నీలవేణి గారి మాట కూడా పారెయ్యలేదండీ, రేంజిలో అద్దెకి 10/22 ఉంది, వచ్చే నాలుగు శనివారాలూ దానితోనే. వేలు ఎటు తోస్తోందో చూడమని ఆ పెద్దాయన్నే అడిగాను. పందులకి గ్రెండెల్ అప్పర్ వచ్చేదాకా వెళ్లను. పెన్నా అన్నా, ఆ పొదల సంగతి చదివాక మా ఆవిడే వద్దంది.

ఒకటే మిగిలింది. ఆవిడ ఇంకా చెక్క, చెక్క అంటోంది. ఏఆర్-15కి చెక్క స్టాకు, చెక్క హ్యాండ్‌గార్డ్ దొరుకుతాయా?

మానేరు వాగు:
దొరుకుతయి. నేను చెప్పిన్నని మాత్రం ఎవ్వరికి చెప్పకు.