జీసీసీ 5 (సీ++ కంపైలర్)కి మారాక పాత లైబ్రరీ లింక్ అవట్లేదు

ఉబుంటు 14.04 నుంచి 16.04కి మారాం. ఆ లైబ్రరీకి వెండర్ ఇచ్చిన .ఎస్ఓ ఫైలే (ముందే కంపైల్ చేసింది) ఉంది, సోర్స్ లేదు. లింక్ చేస్తే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్", పక్కన __సీఎక్స్ఎక్స్11 అని ఏదో! హెడర్‌లో ఫంక్షన్ నిక్షేపంలా ఉంది. ఏంటండీ ఇది?

జవాబు: సీ++11 వచ్చాక స్ట్రింగ్‌కి కాపీ-ఆన్-రైట్ (మార్చేదాకా ఒకే కాపీని పంచుకోవడం) కుదరదు, లిస్ట్ తన సైజు గుర్తుపెట్టుకోవాలి. అందుకే 2015లో జీసీసీ 5 రెంటి మెమరీ లేఅవుట్ మార్చింది. కొత్తవాటి పేర్లలో __సీఎక్స్ఎక్స్11 ఉంటుంది; మీ .ఎస్ఓలో ఉన్నవి పాత పేర్లు, అందుకే దొరకట్లేదు. పాతవీ లిబ్‌ఎస్‌టీడీసీ++లో (జీసీసీతో వచ్చే సీ++ లైబ్రరీ) ఉన్నాయి. మీ కోడంతా _జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_యూజ్_సీఎక్స్ఎక్స్11_ఏబీఐ=0 పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి.

చేశానండీ, అది పోయింది. ఇప్పుడు బూస్ట్ (మేం వాడే ఇంకో సీ++ లైబ్రరీ) మొరాయిస్తోంది!

ఇంకొకరు: మొరాయించదా మరి! డిస్ట్రో ఇచ్చే బూస్ట్ కొత్త ఏబీఐది (ఏబీఐ అంటే కంపైలైన కోడ్ ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి). దాన్నీ సున్నాతో మీరే బిల్డ్ చేసుకోవాలి. ఈ గొడవకే డెబియన్ వాళ్లు బోలెడు లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర వీ5 తగిలించారు. నన్నడిగితే, వెండర్‌ వెంటపడి కొత్త బిల్డ్ తెచ్చుకోవడమే నయం.